చెల్లింపుల బాటలో పోటీలు, పొత్తులు

మన గ్రామములలో నేడు ఏ కిరాణా కొట్టు ముందు నిలిచినను, కాటా ప్రక్కనో గల్లాపెట్టె మీదనో నలుపు తెలుపు గళ్ళతో కూడిన ఒక చదరపు బొమ్మ కనిపించును. దానినే క్యూఆర్ కోడ్ అందురు. కొన్ని కొట్లలో ఇట్టివి రెండు మూడు కూడ అంటించియుందురు. ఒకటి ఫోన్‌పే వారిది, ఒకటి పేటీఎం వారిది, మరియొకటి గూగుల్ పే వారిది. సరుకు కొనవచ్చినవాని సెల్‌ఫోనులో వీటిలో ఏదో ఒకటే ఉండవచ్చును. అయినను అతడు ఏ బొమ్మకు ఫోను చూపినను డబ్బు చేరవలసిన ఖాతాకే చేరుచున్నది.

ఈ సంస్థలు ఒకదానితో నొకటి గట్టి పోటీలో నున్నవని అందరును ఎరుగుదురు. అట్లయినచో ఒకరి బొమ్మ మీద వేరొకరి యాపు పనిచేయుట యెట్లు? ఈ ప్రశ్న తేలికగా తోచవచ్చును. కాని చిన్న వర్తకుని రోజువారీ గల్లా, పాల కేంద్రమునుండి రావలసిన పాల డబ్బు, పట్టణమునుండి కుమారుడు పంపిన సొమ్ము, ఇవన్నియు దీని సమాధానముతో ముడిపడియున్నవి. 2020 లో ఒకసారి, 2024 లో మరియొకసారి పేరుమోసిన రెండు సంస్థలకు ఆకస్మికముగా ఇబ్బంది వచ్చినప్పుడు ఈ సంగతి దేశమునకు తెలిసివచ్చినది. ఆ రెండు సందర్భములలోను ఎవరి సొమ్ము సాఫీగా నడచినది, ఎవరి సొమ్ము చిక్కులో పడినది అను విషయము మన గ్రామస్థులు తెలిసికొనదగినది.

బాట ఒకటి, బండ్లు వేరు

మన దేశములో సెల్‌ఫోను ద్వారా జరుగు చెల్లింపులకు యూపీఐ అను ఏర్పాటు మూలాధారము. దీనిని నడుపునది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను సంస్థ. రిజర్వు బ్యాంకు, భారతీయ బ్యాంకుల సంఘము కలిసి 2008 లో దీనిని నెలకొల్పినవి. లాభములు పంచుకొనుట దీని ఉద్దేశము కాదు. 2016 ఏప్రిల్ 11 వ తేదీన నాటి రిజర్వు బ్యాంకు గవర్నరు శ్రీ రఘురామ్ రాజన్ బొంబాయిలో యూపీఐని ప్రారంభించిరి. ఆ సంవత్సరమే నవంబరు 8 న పెద్దనోట్ల రద్దు జరిగినది. డిసెంబరు 30 న భీమ్ యాపు వెలువడినది. 2016-17 ఆర్థిక సంవత్సరము మొత్తముమీద యూపీఐ చెల్లింపుల సంఖ్య రెండు కోట్లకు లోపుగనే యుండెను. 2025 ఆగస్టు నెల ఒక్కదానిలోనే ఆ సంఖ్య 2,000 కోట్లు దాటినది. ఇంత వేగముగా వ్యాపించిన ఏర్పాటు మరియొకటి కనిపించుట అరుదు.

ఒక చెల్లింపు ఎట్లు జరుగునో చూతము. ఒక గృహిణి కొట్టులో 180 రూపాయల నూనె కొన్నదనుకొందము. ఆమె ఖాతా స్టేట్ బ్యాంకులో నున్నది. కొట్టు యజమాని ఖాతా యూనియన్ బ్యాంకులో నున్నది. ఆమె ఫోనులో గూగుల్ పే యున్నది. కొట్టులోని బొమ్మ ఫోన్‌పే వారిది. ఆమె బొమ్మకు ఫోను చూపి, మొత్తమును వ్రాసి, రహస్యసంఖ్యను నొక్కగనే ఆ వార్త మొదట గూగుల్ పేతో పొత్తు కుదుర్చుకొన్న బ్యాంకునకు పోవును. అచటినుండి కార్పొరేషనునకు, అచటినుండి స్టేట్ బ్యాంకునకు చేరును. స్టేట్ బ్యాంకు రహస్యసంఖ్యను సరిచూచుకొని ఆమె ఖాతాలో 180 రూపాయలు ఖర్చు వ్రాయును. యూనియన్ బ్యాంకు యజమాని ఖాతాలో అంతే మొత్తము జమ కట్టును. తరువాత బ్యాంకులు తమలో తాము రిజర్వు బ్యాంకు వద్దనున్న ఖాతాల ద్వారా దినమునకు పలు దఫాలుగా లెక్కలు సరిచేసికొనును. ఇదంతయు మనకు రెప్పపాటు కాలములో జరిగినట్లే కనిపించును.

ఇందులో గమనింపవలసినది, ఫోన్‌పే గాని గూగుల్ పే గాని ఈ 180 రూపాయలను తమ చేతిలోనికి తీసికొనలేదు. వారిది వార్తాహరుని పని. సొమ్ము ఒక బ్యాంకు ఖాతానుండి మరియొక బ్యాంకు ఖాతాకు పోయినది. బ్యాంకు కాని సంస్థ యూపీఐ బాట మీదికి తానై ఎక్కుటకు వీలులేదు. ఏదో ఒక బ్యాంకు దానికి పూచీగా వెనుక నిలువవలెను. కావున ఈ సంస్థలు ఎంత పెద్దవైనను బ్యాంకులతో పొత్తు లేనిదే ఒక్క రూపాయినైనను కదలింపజాలవు. బాట అందరిదిగా నున్నది. దానిమీద నడచు బండ్లు మాత్రము వేరువేరు యజమానులవి.

మన రైతులకు ఇట్టి ఏర్పాటు క్రొత్త కాదు. ఒకే బావి క్రింద ఇద్దరు ముగ్గురు దాయాదులు వంతులు వేసికొని నీరు పెట్టుకొనుట చూచుచునే యున్నాము. ధాన్యము అమ్ముకొనునపుడు ఒకరికొకరు పోటీయే. బావి పూడిక తీయవలసి వచ్చినప్పుడు మాత్రము అందరును కలిసి దిగవలసినదే.

హైదరాబాదులో పడిన పునాది

బ్యాంకులు పోటీలో నుండియు ఒకే బాటను వాడుకొనుట యూపీఐతో మొదలు కాలేదు. ఏటీఎం యంత్రములు వచ్చిన తొలి దినములలో ఒక బ్యాంకు కార్డు సాధారణముగా ఆ బ్యాంకు యంత్రములోనే పనిచేయుచుండెను. ప్రక్కనే వేరొక బ్యాంకు యంత్రమున్నను కార్డు గలవానికి ప్రయోజనము లేదు. రిజర్వు బ్యాంకు 1996 లో హైదరాబాదులో నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఈ యంత్రములన్నిటిని కలుపు జాతీయ ఏర్పాటును రూపొందించి 2004 లో ఆరంభించినది. 2009 లో అది పైన పేర్కొన్న కార్పొరేషను చేతికి వచ్చినది. మాసబ్ ట్యాంకు ప్రాంతములోని ఆ సంస్థలో జరిగిన కృషి వలననే నేడు మండల కేంద్రములోని ఏ యంత్రములోనైనను ఏ బ్యాంకు కార్డైనను పనిచేయుచున్నదని పల్లెలలో తెలిసినవారు తక్కువ. యూపీఐ అదే మార్గమున మరియొక మెట్టు.

తలుపు మూసినవారే ఆశ్రయమిచ్చిరి

ఇక పోటీల చరిత్రకు వత్తము. ఫోన్‌పే 2015 డిసెంబరులో స్థాపితమైనది. మరుసటి సంవత్సరమే ఫ్లిప్‌కార్ట్ అను సరుకుల అమ్మకపు సంస్థ దానిని కొనివైచినది. ఆ ఫ్లిప్‌కార్ట్‌లో అధిక భాగమును 2018 లో అమెరికాకు చెందిన వాల్‌మార్ట్ కొన్నది. గూగుల్ వారు 2017 సెప్టెంబరులో తేజ్ అను పేరుతో రంగములోనికి దిగి, 2018 లో ఆ పేరును గూగుల్ పే అని మార్చిరి. పేటీఎం వీరిద్దరికంటెను ముందుది. 2010 లో ఫోను రీచార్జి వ్యాపారముతో ఆరంభించి, తరువాత తన సొంత పర్సును నడిపి, నోట్ల రద్దు కాలమున ఊరూర పేరు సంపాదించినది.

పర్సుకును యూపీఐకిని భేదమున్నది. పర్సులో మనము ముందుగా డబ్బు నింపవలెను. ఆ డబ్బు సంస్థవద్ద నుండును. ఆ కాలమున ఒక సంస్థ పర్సునుండి మరియొక సంస్థ పర్సునకు డబ్బు పంపు వీలు లేకుండెను. తిరునాళ్ళలో ఒక అంగడివాడిచ్చిన టోకెను ప్రక్క అంగడిలో చెల్లనట్లే. యూపీఐలో డబ్బు మన బ్యాంకు ఖాతాలోనే యుండి, చెల్లించునపుడు మాత్రమే కదలును. వినియోగదారులు క్రమముగా దీనివైపు మొగ్గిరి.

2017 జనవరిలో తొలి ఘర్షణ సంభవించినది. ఐసీఐసీఐ బ్యాంకు ఫోన్‌పే ద్వారా వచ్చు తన ఖాతాదారుల చెల్లింపులను నిలిపివైచినది. భద్రతను గురించిన సందేహములను బ్యాంకు కారణముగా చూపినది. అది పోటీకి అడ్డు పెట్టుటయేనని రెండవ పక్షము వాదించినది. ఎవరి యాపు చిరునామా గలవారైనను ఎక్కడనైనను చెల్లింపగలుగవలెనన్న నిబంధన పాటింపబడుచున్నదా లేదా అను విషయము చర్చకు వచ్చినది. కార్పొరేషను కలుగజేసికొనవలసి వచ్చినది. కొన్ని వారముల పిమ్మట గాని మార్గము తెరచుకొనలేదు. ఉమ్మడి బాట మీద కూడ ఒకడు గేటు వేయగలడని ఆనాడు వెల్లడియైనది.

మూడేండ్లు గడచినవి. అప్పటికి ఫోన్‌పే దేశములోని అగ్రగామి సంస్థలలో నొకటియై యుండెను. అయినను యూపీఐ బాట మీద దాని భారమంతయు యెస్ బ్యాంకు అను ఒక్క బ్యాంకు భుజముల మీదనే యున్నది. 2020 మార్చి 5 వ తేదీ సాయంకాలము రిజర్వు బ్యాంకు, కష్టములలో పడిన యెస్ బ్యాంకు మీద ఆంక్షలు విధించినది. ఖాతాదారులు 50,000 రూపాయలకు మించి తీసికొనరాదని ఆజ్ఞ వెలువడినది. ఆ రాత్రియే ఫోన్‌పే సేవలు ఆగిపోయినవి. కోట్లకొలది వినియోగదారులలో అనేకులకు యెస్ బ్యాంకు పేరే తెలియదు. వారి ఖాతాలు స్టేట్ బ్యాంకులోనో, ఆంధ్రా బ్యాంకులోనో, గ్రామీణ బ్యాంకులోనో యున్నవి. సొమ్ము ఎక్కడిదక్కడ భద్రముగనే యున్నది. కాని ఆ యాపు ద్వారా కదలదు. ఎరువుల దుకాణము ముందు నిలుచున్న రైతునకు ఈ భేదము ఎవరు చెప్పగలరు? డబ్బు పోయినదనియే అతడు భయపడును.

ఈ సమయమున పోటీదారైన పేటీఎం, తమ బ్యాంకు బాట మీదికి రమ్మని ఫోన్‌పేను బహిరంగముగనే ఆహ్వానించినది. ఆహ్వానములో కొంత ఎత్తిపొడుపు లేకపోలేదు. కష్టకాలమున పాత భాగస్వాములను విడిచిపోవు పద్ధతి తమది కాదను అర్థము వచ్చునట్లు ఫోన్‌పే వారు దానికి బదులిచ్చిరి. మరునాడు సాయంకాలమునకు సేవలు తిరిగి మొదలైనవి. ఈసారి వెనుక నిలిచి పూచీ వహించిన బ్యాంకు ఏది? మూడేండ్ల క్రిందట తలుపు మూసిన ఐసీఐసీఐ బ్యాంకే! వ్యాపారములో వైరము శాశ్వతము కాదని అనుటకు ఇంతకంటె నిదర్శనము దొరకదు. స్టేట్ బ్యాంకు మొదలగు బ్యాంకులు పెట్టుబడి పెట్టగా యెస్ బ్యాంకు కూడ కోలుకొన్నది. మార్చి 18 న ఆంక్షలు తొలగినవి.

గూగుల్ పే మొదటినుండియు యాక్సిస్, హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ, స్టేట్ బ్యాంకు అను నాలుగు బ్యాంకులతో పొత్తు పెట్టుకొన్నది. ఒక కాడి ఎద్దు కుంటినను బండి ఆగకుండుటకు వేరొక ఎద్దును సిద్ధముగా నుంచుకొను రైతు జాగ్రత్త ఇదియే. తరువాత ఫోన్‌పే కూడ మూడు బ్యాంకులను చేర్చుకొన్నది. ఈ పొత్తులను మనమే చూడవచ్చును. యూపీఐ చిరునామాలో చివరనుండు అక్షరములే దానికి గుర్తు. ఫోన్‌పే చిరునామా వైబీఎల్ అని ముగిసినచో వెనుకనున్నది యెస్ బ్యాంకు. ఐబీఎల్ అయినచో ఐసీఐసీఐ. ఏఎక్స్‌ఎల్ అయినచో యాక్సిస్. ఓకే అను అక్షరములతో మొదలై బ్యాంకు పేరుతో ముగియు చిరునామాలు గూగుల్ పేవి.

పేటీఎం ఉదంతము

2020 లో ఇతరులను ఆహ్వానించిన సంస్థకే 2024 లో ఇతరుల ఆసరా కావలసివచ్చినది. పేటీఎం వారికి తమ సమూహములోనే ఒక పేమెంట్స్ బ్యాంకు ఉండెను. యూపీఐ బాటకు అదియే పూచీ. నియమములను పాటించుటలో పదేపదే లోపములు కనబడినవని రిజర్వు బ్యాంకు 2024 జనవరి 31 న ఆ బ్యాంకు మీద గట్టి ఆజ్ఞలు జారీచేసినది. ఫిబ్రవరి 29 తరువాత దానిలో క్రొత్తగా డబ్బు జమ చేయరాదనుట అందులో ముఖ్యమైనది. వ్యాపారులకు, ప్రజలకు సర్దుకొనుటకు వ్యవధి చాలదని ఆ గడువును మార్చి 15 వరకు పొడిగించినది. ఉన్న నిల్వను తీసికొనుటకు, వాడుకొనుటకు ఆటంకము కలిగింపలేదు.

మార్చి 14 న, అనగా గడువునకు ఒక్కరోజు ముందు, పేటీఎం ఇతర బ్యాంకుల ఆసరాతో నడచు యాపుగా కొనసాగవచ్చునని కార్పొరేషను అనుమతి నిచ్చినది. ఆసరాగా నిలిచినవి యాక్సిస్, హెచ్‌డీఎఫ్‌సీ, స్టేట్ బ్యాంకు, వాటితోపాటు యెస్ బ్యాంకు! 2020 లో పడిపోయినదన్న బ్యాంకే నాలుగేండ్లకు మరియొకరికి చేయందించినది.

గ్రామములలోని చిన్న వర్తకులకు ఈ ఉదంతములోని అసలు పాఠము వేరొకటి. పేటీఎం బొమ్మ పెట్టుకొన్నవారందరికిని ఒకే విధమైన ఇబ్బంది రాలేదు. ఆ బొమ్మ ద్వారా వచ్చు సొమ్ము తమ స్టేట్ బ్యాంకు ఖాతాకో, గ్రామీణ బ్యాంకు ఖాతాకో చేరునట్లు ఏర్పాటు చేసికొన్నవారి వ్యాపారము యథాప్రకారము సాగినది. పేమెంట్స్ బ్యాంకు ఖాతాలోనికే సొమ్ము పోవునట్లు ఉంచుకొన్నవారు, గడువు లోపల మరియొక బ్యాంకు ఖాతాను చూపవలసి వచ్చినది. బొమ్మ రంగు ఒకటే, యాపు పేరు ఒకటే. సొమ్ము ఎక్కడ నిలుచుచున్నది అనుటలోనే భేదమంతయు నున్నది.

బొమ్మల కొరకు పోరాటము

మొదట్లో ఒక సంస్థ బొమ్మను మరియొక సంస్థ యాపు చదువలేకుండెడిది. అందుచేతనే కొట్టు గోడలు రంగురంగుల కాగితములతో నిండెను. 2020 అక్టోబరు 22 న రిజర్వు బ్యాంకు, ఇక క్రొత్త సొంత బొమ్మలను ప్రవేశపెట్టరాదనియు, ఉన్నవాటిని 2022 మార్చి 31 లోపల అందరి యాపులును చదువగల బొమ్మలుగా మార్చవలెననియు ఆజ్ఞాపించినది. ఈ ఆజ్ఞ వలన చిన్న వర్తకునికి జరిగిన మేలు ఇంతింత కాదు. అతడు ఏ ఒక్క సంస్థకును కట్టుబడి యుండవలసిన అగత్యము తప్పినది.

అయినను పోరాటము మాత్రము ఆగలేదు. 2022 లో ఉత్తర ప్రదేశ్‌లో ఒక సంస్థవారు తమ బొమ్మలను పోటీ సంస్థకు చెందినవారు కుప్పవేసి తగులబెట్టిరని పోలీసులకు ఫిర్యాదు చేసిరి. కాగితపు ముక్కలకు ఇంత విలువ యేల యనగా, గల్లాపెట్టె మీద ఎవరి బొమ్మ యున్నదో వారికే ఆ కొట్టు లెక్కలు తెలియును. ఏ దినమున ఎంత బేరము జరిగినది, పండుగ నెలలో ఎంత పెరిగినది అను వివరములు వారి చేతిలో నుండును.

పేర్ల మీద కూడ వ్యాజ్యములు నడచినవి. పేరు చివరనున్న ‘పే’ అను అక్షరము ఎవరి సొత్తు అని ఫోన్‌పే, భారత్‌పే సంస్థలు కొన్నేండ్లు న్యాయస్థానములలో వాదించుకొని, 2024 మేలో రాజీపడినవి. ఇటు మన పల్లెలలో ఏ యాపు వాడినను ‘ఫోన్‌పే చేయుము’ అనియే చెప్పుచుందురు. వినియోగదారుడు ఆ వ్యాజ్యమును ఎప్పుడో తన పద్ధతిలో తీర్చివైచినాడు!

ఇటీవలి పోటీ మాటాడు పెట్టెల మీద సాగుచున్నది. సొమ్ము చేరగనే ఎంత వచ్చినదో ఈ పెట్టె బిగ్గరగా చెప్పును. పేటీఎం దీనిని ముందుగా వ్యాప్తిలోనికి తెచ్చినది. తరువాత ఇతరులు అనుసరించిరి. 2024 లో ఫోన్‌పే వారు తమ పెట్టెకు శ్రీ మహేశ్‌బాబు తెలుగు కంఠము నమర్చిరి. ఇది సినిమా ఆకర్షణ మాత్రమే యని తీసివేయరాదు. చదువురాని పండ్ల బండి అవ్వకు ఫోనులో అక్షరములు చూడవలసిన పని లేకుండ, చెల్లించితినని బొంకువాని మోసమునుండి రక్షణ దొరకినది. అయితే ఈ పెట్టెకు సాధారణముగా నెలసరి అద్దె యుండును. ఎంతో ముందుగా అడిగి తెలిసికొనుట మంచిది.

ఖర్చు ఎవరిది?

2020 జనవరి 1 నుండి యూపీఐ చెల్లింపుల మీద వర్తకుని వద్ద రుసుము వసూలు చేయరాదని కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. కాని బాటను నడుపుటకు బ్యాంకులకు, సంస్థలకు ఖర్చు కలదు. ఆ భారమును కొంత తగ్గించుటకు ప్రభుత్వము ప్రోత్సాహక ధనము నిచ్చుచు వచ్చినది. 2024-25 సంవత్సరమునకు, చిన్న వర్తకులకు జరిగిన 2,000 రూపాయల లోపు చెల్లింపుల మీద నూటికి 15 పైసల చొప్పున, సుమారు 1,500 కోట్ల రూపాయల పథకమును 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గము ఆమోదించినది.

ఇది చాలదని సంస్థల వాదన. కావుననే వారు ఆదాయము కొరకు ఇతర మార్గములు వెదకుచున్నారు. పెట్టెల అద్దె, భీమా పాలసీల అమ్మకము, ప్రకటనలు, అన్నిటికంటె ముఖ్యముగా అప్పులు. ఇచట మరియొక పొత్తు కనిపించును. అప్పు ఇచ్చునది యాపు కాదు. దానితో ఒడంబడిక చేసికొన్న ఒక బ్యాంకో, ఫైనాన్సు కంపెనీయో ఇచ్చును. యాపు వద్దనున్న కొట్టు లెక్కలను చూచి ఎంత ఇవ్వవచ్చునో నిర్ణయింతురు. కొన్ని పద్ధతులలో దినదినము వచ్చిన బేరమునుండియే వాయిదా కోసికొందురు. కాగితములు లేని చిన్న వర్తకునికి అప్పు పుట్టుట మేలే. నూటికి నెలకు ఐదు, పది రూపాయల వడ్డీకి వాడుకొనువారికి ఇది తప్పక ఊరట కలిగింపగలదు. అయినను బేరము లేని ఆషాఢములో కూడ వాయిదా ఆగదని మరువరాదు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు జారీచేసిన నియమముల ప్రకారము, వడ్డీ, రుసుములు అన్నియు కలిపి ఏడాదికి నూటికి ఎంత పడునో తెలుపు పత్రమును అప్పునకు ముందే ఇవ్వవలెను. అప్పు సొమ్ము నేరుగా ఋణగ్రహీత ఖాతాలోనే పడవలెను. ఈ పత్రము చూపనివారివద్ద అప్పు తీసికొనకుండుటయే క్షేమము.

ఇద్దరి చేతిలో ఎనిమిది పాళ్ళు

పోటీలో ఇందరు ఉన్నట్లు కనిపించుచున్నను, 2025 లో యూపీఐ లావాదేవీల సంఖ్యలో పదింట ఎనిమిది పాళ్ళు ఫోన్‌పే, గూగుల్ పే అను రెండు సంస్థల ద్వారానే సాగినవి. ఏ ఒక్క యాపు కూడ మొత్తములో నూటికి 30 వంతులు మించరాదని కార్పొరేషను 2020 నవంబరులోనే నియమము చేసినది. అమలు గడువును మొదట 2022 చివరి వరకు, తరువాత 2024 చివరి వరకు, ఆ పిమ్మట 2026 డిసెంబరు 31 వరకు పొడిగించుచు వచ్చినది. ఇందులోని చిక్కు స్పష్టమే. పరిమితి దాటిన సంస్థ క్రొత్తగా వచ్చువారిని పొమ్మనవలెనా? అట్లు పొమ్మన్నచో నష్టపడునది వినియోగదారుడు గదా.

ఈ రచయిత అభిప్రాయములో పరిమితికంటెను ఇతరులు బలపడుట ముఖ్యము. ప్రభుత్వ పక్షమున వచ్చిన భీమ్ యాపు వాటా బహు స్వల్పముగా నున్నది. 2018 సెప్టెంబరు 1 న ప్రారంభమైన ఇండియా పోస్టు పేమెంట్స్ బ్యాంకునకు ఊరూర తపాలా బంట్రోతు గలడు. అట్టి బలము ఏ ప్రైవేటు సంస్థకును లేదు. అది పూర్తిగా వినియోగములోనికి వచ్చినట్లు తోచదు. తాకుతెర లేని చిన్న ఫోనులు గల కోట్లాది పేదలను గురించి పోటీ సంస్థలు ముందుగా ఆలోచింపలేదు. వారికొరకు 2022 మార్చి 8 న యూపీఐ 123పే అను సదుపాయమును రిజర్వు బ్యాంకు ఆరంభించినది. దీని ద్వారా మామూలు ఫోనునుండి కూడ పిలుపు ద్వారా డబ్బు పంపవచ్చును. లాభము తక్కువగా నున్న చోటికి పోటీ తనంత తాను పోదు. అచటికి ఉమ్మడి సంస్థయే దారి వేయవలెను.

ఉమ్మడి బాటకు కూడ ఆటంకములు రాకపోవు. 2025 మార్చి 26 న, ఏప్రిల్ 12 న యూపీఐ కొన్ని గంటలు స్తంభించినప్పుడు ఏ రంగు యాపు గలవారైనను ఒక్కటే గతి. అట్టి దినమునకు జేబులో కొంత నగదు ఉంచుకొనవలసినదే.

గ్రామస్థులు చేసికొనదగిన ఏర్పాట్లు

వర్తకులు తమ బొమ్మ ద్వారా వచ్చు సొమ్ము ఏ బ్యాంకులో ఏ ఖాతాకు పోవుచున్నదో యాపు తెరచి నేడే చూచుకొనవలెను. బొమ్మ పెట్టిపోయిన కుర్రవాని మాటనే నమ్మి యుండరాదు. అది తమకు బాగుగా తెలిసిన బ్యాంకు శాఖలోని ఖాతా అయినచో సగము చింత తీరినట్లే. స్వయం సహాయక సంఘముల సోదరీమణులు సంఘపు వసూళ్ళను ఎవరి సొంత యాపులోనికో కాక సంఘము పేరనున్న ఖాతాలోనికే చేరునట్లు చూచుకొనవలెను.

ఫోనులో వేరువేరు బ్యాంకుల పూచీతో నడచు యాపులు రెండుండుట మంచిది. ఒక బ్యాంకునకు చిక్కు వచ్చిన నాడు రెండవది పనికివచ్చును. ఖాతా మాత్రము ఒకటే ఉండవచ్చును. చిరునామా చివరి అక్షరములను చూచినచో రెండింటికిని ఒకే బ్యాంకు పూచీగా నున్నదా, వేరువేరా అని తెలిసిపోవును.

సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య అవసరము లేదు. ‘మీకు డబ్బు పంపుచున్నాము, సంఖ్య నొక్కుడు’ అని ఎవరైన ఫోను చేసినచో వాడు మోసగాడని తెలిసికొనుడు. అట్టి మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

చెల్లింపు మధ్యలో నిలిచి ఖాతాలో డబ్బు తగ్గినచో, ముందుగా యాపులోనే ఫిర్యాదు నమోదుచేసి దాని సంఖ్యను వ్రాసి పెట్టుకొనవలెను. తరువాత ఖాతా గల బ్యాంకునకు తెలుపవలెను. బ్యాంకునకు ఫిర్యాదు చేసి 30 దినములైనను పరిష్కారము కానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకొనవచ్చును. దీనికి రుసుము లేదు. వివరములకు 14448 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఫిర్యాదులో యాపు పేరుతోపాటు ఖాతా గల బ్యాంకు పేరు, చెల్లింపు జరిగిన తేదీ, లావాదేవీ సంఖ్య తప్పక పేర్కొనవలెను.